టైల్స్ మేస్త్రి, 61 ఏళ్లు: ఏది మానాలి, ఏది మానకూడదు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఫిజియోథెరపీ చేసే నాలాంటివాళ్ల దగ్గరికి రెండు రకాల మనుషులు వస్తారు. ఐటీ ఆఫీసుల్లో కూర్చుని మెడ, నడుము పట్టేసినవాళ్లు ఒక రకం. ఆ ఆఫీసులు కట్టి మోకాళ్లు, భుజాలు పోగొట్టుకున్నవాళ్లు ఇంకో రకం. రెండో రకంలో కదిరి, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు చాలామంది. ఈ కేసు వాళ్లలో ఒకరిది. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

వయసు 61, బరువు 74 కిలోలు. కదిరి దగ్గర పల్లె. పదహారేళ్లకు తాపీ పట్టారు, తొంభైల్లో బెంగళూరు చేరారు. మొదట మొజాయిక్, తర్వాత గ్రానైట్, ఇప్పుడు విట్రిఫైడ్ టైల్స్. మనిషి వయసు పెరుగుతూ ఉంటే టైల్ బరువూ పెరుగుతూ వచ్చింది. రెండడుగుల చదరం టైల్ సుమారు 8 కిలోలుంటే, ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో వేసే రెండు బై నాలుగు టైల్ 14, 15 కిలోలు ఉంటుంది. షుగర్ ఉంది, బీపీకి మాత్ర వేసుకుంటారు. ఆదివారం పొద్దున వాలీబాల్ ఆడతారు. ఊళ్లో కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచీ స్మాషర్.

కుడి మోకాలు మూడేళ్లుగా నొప్పి, ఎడమది కొంచెం తక్కువ. మెట్లు దిగేటప్పుడు, కింద నుంచి లేచేటప్పుడు ఎక్కువ. కుడి భుజం నొప్పి మొదలై ఏడాది. చెయ్యి పైకెత్తితే పట్టేస్తుంది, ఆ పక్కకు తిరిగి పడుకుంటే మెలకువ వచ్చేస్తుంది. ఎముకల డాక్టరు చూసి, ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదని, ఫిజియోథెరపీ చేయించమని, బరువు పనులు తగ్గించమని రాశారు.

ఈ కేసంతా ఆ చివరి మాట చుట్టూనే నడిచింది. రోజుకు పది రకాల పనులు చేసే మేస్త్రికి అందులో బరువు పని ఏది? వెంట వచ్చిన కొడుకు అంత దూరం ఆలోచించే ఓపికలో లేడు.

"నాయన పనీ మానెయ్యాల, ఆటా మానెయ్యాల మేడమ్. నేను సంపాదిస్తాండా కదా. ఊరికి పోయి ఇంట్లో కూచుంటే చాలు."

మేస్త్రి కొడుకు వైపు చూడకుండా నాతో అన్నారు: "పని మానుకోమంటే మానుకుంటా. బాల్ ముట్టుకోవద్దంటే మాత్రం నాతో కాదు మేడమ్."

ఇంట్లో కూర్చోవడం అప్పటికే ఒకసారి అయిపోయింది. ముందు సంవత్సరం మోకాలు వాచినప్పుడు ఊరెళ్లి రెండున్నర నెలలు పూర్తిగా రెస్ట్ తీసుకున్నారు. మొదటి మూడు వారాలు నొప్పి బాగా తగ్గింది. తిరిగొచ్చి పని మొదలుపెట్టగానే మునుపటి కంటే ఎక్కువైంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఆ రెస్ట్‌కు ముందు 7.3 ఉండేది, తర్వాత 8.4కి ఎక్కింది. రాత్రిళ్లు నిద్ర పట్టలేదని, ఊరికే చికాకు పడేవాడినని ఆయనే చెప్పారు. అరవై దాటిన కండరం కొన్ని వారాలు వాడకపోతే త్వరగా కరిగిపోతుంది, తిరిగి రావడానికి కుర్రవాళ్లకంటే చాలా ఎక్కువ కాలం తీసుకుంటుంది. పైగా కండ తగ్గే దానికంటే బలం తగ్గేది వేగంగా ఉంటుంది. కింద నుంచి చటుక్కున లేవడానికి, తూలినప్పుడు ఆపుకోవడానికి పనికొచ్చే చురుకు కండర పోగులే వయసుతో ముందు దెబ్బతింటాయి. కాబట్టి 'అన్నీ మానెయ్' అన్న సలహా ఈయన విషయంలో ఒకసారి వాడి చూసిన మందే, పనిచేయలేదు కూడా.

పరీక్షలో కనిపించినవి

కుడి మోకాలు 120 డిగ్రీల వరకు వంగుతోంది, ఎడమది 130. పూర్తిగా గొంతుకూర్చోవాలంటే అంతకంటే ఎక్కువే వంగాలి. అంటే ఈయన మడమలు ఎత్తి, నడుము ముందుకు వంచి, ఎలాగో సర్దుకుంటూ కూర్చుంటున్నారు. కీలు లోపల కొద్దిగా నీరు ఉంది. ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు గట్టిగానే ఉన్నాయి. మోకాలు మధ్యలో ఇరుక్కుపోవడం లేదు. మోకాలి చిప్పకు 10 సెంటీమీటర్ల పైన కొలిస్తే కుడి తొడ చుట్టుకొలత ఎడమదానికంటే ఒకటిన్నర సెంటీమీటర్లు తక్కువ. ఎక్స్‌రేలో అరుగుదలను సున్నా నుంచి 4 వరకు గ్రేడ్లుగా చెప్పే కెల్‌గ్రెన్-లారెన్స్ పద్ధతి 1957 నుంచి వాడుకలో ఉంది. దాని ప్రకారం కుడి మోకాలు గ్రేడ్ 3, ఎడమది 2.

భుజాన్ని నేను ఎత్తితే పూర్తిగా కదులుతోంది, కాబట్టి కీలే బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ కాదు. షుగర్ ఉన్నవాళ్లలో అది ఎక్కువ కాబట్టి ముందు దాన్ని తోసిపుచ్చాలి. ఆయనంతట ఆయన చెయ్యి ఎత్తితే మధ్యలో, 70 నుంచి 120 డిగ్రీల మధ్య, నొప్పి. ఎంఆర్ఐలో చెయ్యి ఎత్తడానికి సాయపడే సుప్రాస్పినేటస్ కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు కొంత చిరిగినట్టు ఉంది. చిరుగు అనే మాట వినగానే ఇంట్లోవాళ్లకు టెన్షన్ వచ్చేసింది. అరవై దాటినవాళ్ల భుజాలకు స్కాన్ తీస్తే ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా ఇలాంటి చిరుగులు కనబడుతుంటాయని చెప్పాక కొంచెం నెమ్మదించారు. ఎక్స్‌రే కూడా అంతే. గ్రేడ్ 3 ఉండి రోజూ పొలం వెళ్లేవాళ్లున్నారు, గ్రేడ్ 2తో మెట్లెక్కలేనివాళ్లున్నారు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించినవి రెండు అంకెలు. చేతి పట్టు కుడివైపు 38 కిలోలు. ఆసియా మగవాళ్లలో 28 కంటే తగ్గితే కండర బలం తగ్గినట్టు లెక్క. ఈయనది దానికి చాలా పైన ఉంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూసే పరీక్షలో మాత్రం 11. అరవై నుంచి 64 ఏళ్ల మగవాళ్లకు 14 కంటే తక్కువైతే సగటు కంటే తక్కువ అంటారు. ఒకే మనిషిలో చెయ్యి ఇనుము, కాలు బలహీనం.

నలభై ఏళ్లకు పైగా రోజంతా ఒళ్లు వంచినవాడికి కాళ్లలో బలం లేకపోవడమేమిటి, మళ్లీ ఎక్సర్‌సైజులేమిటి అని కొడుకు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కండరం బలపడాలంటే కాసేపు గట్టి భారం పడాలి, తర్వాత కోలుకోవడానికి ఒకటి రెండు రోజులు దొరకాలి. సైటు పనిలో ఈ రెండూ ఉండవు. ఒకే భంగిమలో గంటలు గంటలు ఉండటం, మర్నాడు మళ్లీ అదే. కీలు అలసిపోతుంది, కండరానికి మాత్రం ఎదిగే అవకాశం రాదు. దానికి తోడు నొప్పి ఉన్న మోకాలి తొడ కండరం సరిగా బిగుసుకోదు. లోపల నీరు చేరితే మరీనూ.

ఇంకో సంగతి బయటపడింది. ఏడాదిగా రోజూ పొద్దున సైటుకు వెళ్లేముందు మెడికల్ షాపులో కొన్న నొప్పి మాత్ర ఒకటి, మధ్యాహ్నం ఇంకోటి వేసుకుంటున్నారు. ఇది చాలామంది మేస్త్రీలు, కూలీలు చేసేదే. షుగర్, బీపీ ఉన్న మనిషికి రోజూ డైక్లోఫినాక్ లాంటివి కిడ్నీలకు మంచివి కావు. పైగా మోకాలు 'ఇక చాలు' అని చెప్పే మాటను ఆ మాత్ర వినపడనివ్వదు. షుగర్ డాక్టరు దగ్గరికి పంపి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించాం. అదృష్టం, మామూలుగానే ఉంది.

పనిని ముక్కలు చేయడం

ఒక రోజు పని అంతా ఫోన్‌లో వీడియో తీయించమని అడిగాను. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు అక్కడక్కడా తీసి పంపాడు. వాటిని మేస్త్రితో కలిసి కూర్చుని చూశాం. ఏ పని ఎంతసేపు అని ఆయన్నే అడుగుతూ రాసుకున్నాం.

బరువు పని ఏదంటే ఆయన వెంటనే "బాక్సులు మోసేది" అన్నారు. రెండు టైల్స్ ఉన్న బాక్సు 30 కిలోల దాకా ఉంటుంది కాబట్టి అందరూ అదే అనుకుంటారు. లెక్క చూస్తే బాక్సులు మోసేది రోజుకు ముప్పావుగంటలోపే, అదీ చాలావరకు కుర్రాళ్లే. గొంతుకూర్చుని ఉండేది నాలుగున్నర గంటలు. ఒక్కోసారి లేవకుండా యాభై నిమిషాలు. పూర్తిగా వంగిన మోకాలి మీద, ముఖ్యంగా చిప్ప వెనక, పడే ఒత్తిడి శరీర బరువుకు ఎన్నో రెట్లుంటుంది. ఏళ్లతరబడి గొంతుకూర్చుని, మోకరిల్లి చేసే పనుల్లో మోకాలి అరుగుదల ఎక్కువని తెలిసిన విషయమే. మోకాలిని తినేస్తున్నది మోత కాదు, కూర్చునే తీరు. 'బరువు పనులు తగ్గించండి' అన్న మాటను ఉన్నదున్నట్టు పాటిస్తే ఈయన మోత మానేసి, మిగిలిన సమయం కూడా గొంతుకూర్చుని టైల్స్ వేసేవారు. నేను చూసిన చాలా కేసుల్లో ఇదే జరిగింది.

కాబట్టి పనిని ఇలా విడగొట్టాం. మూలమట్టం పెట్టి, దారం కట్టి, మొదటి వరుస ఎక్కడ మొదలవ్వాలో తేల్చడం ఆయనదే. టైల్ కటింగ్ ఆయనదే, కాకపోతే నేల మీద కాదు, నడుమెత్తు బల్ల మీద. నీళ్లు పోస్తూ కొయ్యమని కూడా చెప్పాను. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల గొడవ వేరే కథ. బాత్రూంలో నీళ్ల వాటం చూడటం ఆయన చేతిలోనే. కుర్రాళ్లకు ఇంకా రానిది అదే. వాటం తప్పితే నీళ్లు మూలలో నిలబడతాయి, మొత్తం పగలగొట్టి మళ్లీ వెయ్యాలి. సిమెంటు మాలు పరిచి వరుసగా టైల్స్ దించుకుంటూ పోయేది కుర్రాళ్లు. ఆయన తప్పనిసరిగా కింద కూర్చోవాల్సి వస్తే చక్రాలున్న చిన్న స్టూలు, లేదంటే మందపాటి ప్యాడ్ మీద ఒక మోకాలు, ఇరవై నిమిషాలకోసారి లేవాలి. మోకాలి మీదే ఎక్కువసేపు నిలబడినా చిప్ప ముందుండే చిన్న నీటి సంచి వాస్తుంది కాబట్టి ప్యాడ్ ఉందని ధీమా పడకూడదు. బాత్రూం గోడలకు భుజం కంటే ఎత్తులో టైల్స్ వేయడం ఇక ఆయన పని కాదు. ఇది కొన్నాళ్లకు కాదు, శాశ్వతంగా. ఈ ముక్క తేల్చి చెప్పడం అవసరం అనిపించింది. 'చూద్దాం' అంటే మర్నాడే నిచ్చెన ఎక్కుతారు.

ఇంట్లో సమస్య వేరు. వాళ్లుండే వఠారంలో నేల మట్టం మరుగుదొడ్డి. పైన పెట్టుకునే కమోడ్ స్టూలు తెప్పించారు. చూడటానికి చిన్న మార్పే గానీ నొప్పి తగ్గడానికి మొదట పనికొచ్చింది ఇదేనని ఆయన అంటారు.

అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. ఈ పనికి కూలి చదరపు అడుగు లెక్క. ఎన్ని అడుగులు వేస్తే అంత. మూలమట్టం పెట్టినందుకు, వాటం చూసినందుకు విడిగా రేటు ఉండదు. అంటే మోకాలిని కాపాడే పనులకు పైసా రాదు, అరగదీసే పనికి మాత్రమే వస్తుంది. ఇది ఏ ఎక్సర్‌సైజుతోనూ తేలేది కాదు. ఆయనే దారి చూసుకున్నారు. ఊరి నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లకు రోజుకూలి బదులు అడుగుకింత అని వాటా ఇచ్చి, పని ఒప్పుకోవడం, కొలతలు, కటింగ్, వాటం, చివరి పరిశీలన తన చేతిలో ఉంచుకున్నారు. రాబడి మొదట్లో నాలుగో వంతు దాకా తగ్గిందట. ఇంటి బాడుగ కొడుకు కట్టడం మొదలుపెట్టాడు. తండ్రిని ఇంట్లో కూర్చోబెట్టాలనుకున్న కొడుకు చివరికి చేసిన సాయం ఇదే, ఇంతకంటే పనికొచ్చే సాయం లేదు.

ఇలాంటి పనివాళ్లు యాభై దాటగానే నేను అడిగే ప్రశ్న ఒకటుంది: భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు ఉందా? 1996 నాటి చట్టంతో వచ్చిన నిబంధన ప్రకారం 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గత ఏడాదిలో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు నమోదు చేసుకోవచ్చు. అరవై నిండాక కొత్తగా కుదరదు. ఈయన ఎప్పుడూ నమోదు కాలేదు. సొంతూళ్లో వృద్ధాప్య పింఛనుకు దరఖాస్తు పెట్టారు, ఆంధ్రప్రదేశ్‌లో అది 2024 నుంచి నెలకు 4,000. బెంగళూరులో మూడు దశాబ్దాల పని మీద మాత్రం ఏమీ రాదు.

వాలీబాల్

ఆట విషయంలోనూ ఇదే పద్ధతి. ఎగిరి స్మాష్ కొట్టి కిందికి దిగేటప్పుడు మోకాలి మీద పడే భారం పెద్దది. ఆదివారం ఆడాక సోమవారం మోకాలు వాచడం మూడు వారాలు రాయించిన చీటీలో స్పష్టంగా ఉంది. భుజానికి కూడా స్మాష్, పైచేతి సర్వీసు రెండూ చెడ్డవే. కానీ గ్రౌండుకి వెళ్లడం, అటూ ఇటూ కదలడం, కిందనుంచి బాల్ లేపడం, ముఖం ముందు రెండు చేతులతో లిఫ్ట్ ఇవ్వడం నొప్పి రేపలేదు. కాబట్టి ఎగరడం, స్మాష్ మానాలి. ఆడటం మానక్కర్లేదు.

ఇది ఒప్పించడం పని విడగొట్టడం కంటే కష్టమైంది. "నలభై ఏండ్లు స్మాష్ కొట్టినోణ్ణి. ఇప్పుడు పిల్లోళ్లకి లిఫ్ట్ ఇచ్చుకుంటా నిలబడల్లా?" అన్నారు. కొడుకు టెన్నిస్ ఆటగాడు రోహన్ బోపన్న పేరు ఎత్తాడు. మోకాళ్లలో గుజ్జే లేకుండా 43 ఏళ్లకు, 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు కదా, మా నాయనకెందుకు కాదు అని. మొదట అన్నీ మానెయ్యాలన్న అబ్బాయే ఇది! ఆ ఉదాహరణను నేను కొంచెం జాగ్రత్తగా వాడతాను. బోపన్న వెనక మోకాళ్లు చూసే మనుషులుండేవారు, సోమవారం పొద్దున చదరపు అడుగులు లెక్క చూపించాల్సిన పని ఉండేది కాదు. అయితే ఒక సంగతి మాత్రం మేస్త్రికి చెప్పాను. అతను గెలిచింది సింగిల్స్ కాదు, సగం కోర్టు పక్కవాడు చూసుకునే డబుల్స్. అది ఆయనకు నచ్చింది. లిఫ్టర్‌గా నిలబడితే ఆట ఎటు పోవాలో తన చేతిలోనే ఉంటుందని రెండు ఆదివారాల తర్వాత ఆయనే నాకు వివరించారు, నాకేదో తెలియనట్టు.

ఎక్సర్‌సైజులు మామూలువే. ఎత్తయిన కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వారం వారం ఎత్తు తగ్గించడం. నాలుగంగుళాల మెట్టు ఎక్కి దిగడం, తర్వాత ఆరంగుళాలు. మునివేళ్ల మీద లేవడం, ఒంటికాలి మీద నిలబడటం. భుజానికి రబ్బరు బ్యాండు. వారంలో మూడు రోజులు, మధ్యలో విడుపు. చేసేటప్పుడు నొప్పి పదికి నాలుగు దాకా ఫర్వాలేదు, మర్నాటికి మామూలుకు రావాలి, రాకపోతే భారం తగ్గించాలి. ఈ లెక్క ఆయనకు బాగా పట్టింది. తిండిలో ప్రొటీన్ తక్కువగా ఉంది. ఈ వయసులో కిలో బరువుకు రోజుకు గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా కావాలి, అంటే ఈయనకు 75 నుంచి 90 గ్రాములు. పొద్దున సైటులో టీ, బన్ను మాత్రమే. దాని బదులు రెండు గుడ్లు, ఉడకబెట్టిన శనక్కాయలు. కదిరి మనిషికి శనక్కాయల గురించి ఎక్కువ చెప్పాల్సిన పని పడలేదు.

రెండో నెలలో ఒక ఎదురుదెబ్బ. కుర్రాళ్లలో ఒకడు చెల్లెలి పెళ్లని ఊరెళ్లాడు. ఇంటివాళ్లకు గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడింది. మేస్త్రి రెండు రోజులు కూర్చుని హాలంతా తానే వేశారు. మోకాలు వాచింది, పది రోజులు ఎక్సర్‌సైజులు సగానికి తగ్గించాం. పూర్తిగా ఆపలేదు. ఆపి ఉంటే పోయినేడాది కథ మళ్లీ మొదలయ్యేది.

నాలుగు నెలల తర్వాత కుర్చీ పరీక్ష 11 నుంచి 15కి వచ్చింది. మెట్లు దిగేటప్పుడు నొప్పి పదికి ఏడు నుంచి మూడు, నాలుగు మధ్యకు. రాత్రి భుజం నొప్పితో మెలకువ రావడం లేదు. నొప్పి మాత్ర రోజూ రెండు పోయి, నెలలో ఎప్పుడైనా ఒకటి. హెచ్‌బీఏ1సీ 7.5. మోకాలి వంపు మాత్రం 120 దగ్గరే ఉంది. చెయ్యి పైకెత్తి బరువు పట్టుకుంటే భుజం ఇప్పటికీ వణుకుతుంది. ఎక్స్‌రే మళ్లీ తీయించలేదు, తీసినా గ్రేడ్ మారదు. మళ్లీ గొంతుకూర్చుని హాలు వేసే రోజు వస్తుందా అని ఆయన అడిగారు, రాదని చెప్పాను.

కుడి మోకాలికి ముందు ముందు కీలు మార్పిడి అవసరం పడొచ్చు. నొప్పి రాత్రి నిద్ర లేపడం, కాలు వంకర తిరగడం, కూరగాయలకు వెళ్లొచ్చేంత దూరం కూడా నడవలేకపోవడం, ఈ మూడింటిలో ఏది మొదలైనా సర్జన్ దగ్గరికి తిరిగి పంపాలని ఫైల్లో రాసి పెట్టాను. ప్రస్తుతానికి మూడు నెలలకోసారి చూస్తున్నాను. తర్వాతి సారి ఆయన భార్యను కూడా తీసుకురమ్మన్నాను. ఆవిడ ఇరవై ఏళ్లు అవే సైట్లలో తల మీద ఇటుకలు, ఇసుక మోశారు. ఇన్ని నెలలూ భర్తకు తోడుగా వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నారు గానీ, లేచేటప్పుడు ఆవిడ గోడ పట్టుకుని లేస్తారు. ఆవిడ మోకాళ్లకు ఇంతవరకు ఎవరూ ఎక్స్‌రే తీయించలేదు.